తడిబట్ట ఎక్కడ ఎయ్యాలె

జర దగ్గరికి జరుగుండ్రి. ఆ పెట్రోల్ గుడ్డ మాత్రం అవతల ప్రహరీ కాడ పడేసి రా బిడ్డా, చలిమంట కాడ దానికేం పని? చేతులు గూడ సబ్బు పెట్టి కడుక్కో. పెట్రోల్ వాసన పోయేదాక మంటకు చేతులు చాపొద్దని మా ఉస్తాద్ మొదటి దినమే నిలబెట్టి చెప్పిండు. ఈ వయసుల గూడ నేను ఆ మాట దాటలే.

పొద్దుగాల అరుగు మీద కూసోని అంతా చూసిన. ఆరింటి కాన్నుంచి ఏడున్నర దాక మీ ఇద్దరు ఆ అంబాసిడర్‌తోని కొట్లాడిండ్రు. సెల్ఫ్ కొట్టుడు, ఆక్సిలేటర్ తొక్కుడు, మళ్ళ సెల్ఫ్ కొట్టుడు. ఛోక్ గుంజుడు, లోపలికి నూకుడు, మళ్ళ గుంజుడు. ఆఖరికి బ్యాటరీ పండుకున్నది, మీరు గూడ అలిసిపోయి కూసున్నరు. నడుమల నేను ఒక్కసారి లేసొచ్చి డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి చూసి పోయిన, యాదికున్నదా? ఎందుకు పెట్టిన్నో ఆఖరుకు చెప్త. ముందుగాల పాత ముచ్చట ఇనుండ్రి, అప్పుడే గా చెయ్యి పెట్టుడు సమజైతది.

నేను షెడ్డుల జేరినప్పుడు నాకు పద్నాలుగేండ్లు. ఏడో నంబర్ హైవే మీద, రోడ్డుకు ఆనుకొని ఉండె మా షెడ్డు. ఇప్పుడు దాన్నే నలబై నాలుగు అంటున్నరు. నిర్మల్ దిక్కు నుంచి వచ్చే బండ్లు మహబూబ్ ఘాట్ ఎక్కి, నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ దాటి ఆదిలాబాద్ వస్తుండె. ఎండకాలం ఘాట్ ఎక్కలేక ఆగిన బండ్లు, చలికాలం పొద్దుగాల లెవ్వని బండ్లు, వానకాలం నీళ్ళల్ల మునిగి సచ్చిన బండ్లు, ఏ కాలమైనా మాకు పనే. మన జిల్లాల చలి పది డిగ్రీల కిందికి దిగుతది, మే నెలల ఎండ నలబై నాలుగు, నలబై అయిదు దాక ఎక్కుతది. పెట్రోల్ ఇంజన్‌కు వచ్చే రోగాలు మొత్తం ఒక్క ఊర్లనే చూసే భాగ్యం మాకు దొరికింది.

అప్పట్ల కారంటే రెండే, అంబాసిడర్ లేకుంటే ఫియట్. స్టాండర్డ్ హెరాల్డ్ ఎప్పుడో ఒక్కటి కండ్లబడేది. అంబాసిడర్ కలకత్తా పక్కన ఉత్తర్‌పాడల తయారైతుండె, ఇంగ్లండోళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు దానికి మూలం. నేను పని మొదలువెట్టినప్పుడు మార్క్ 2 బండ్లు ఎక్కువుండె, 1975ల మార్క్ 3 వచ్చింది. లోపల ఇంజన్ మాత్రం గదే, 1489 సి.సి., నాలుగు సిలిండర్లు, మండే వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఆ వరుస నాకు నిద్రల లేపి అడిగినా చెప్తుంటి. బుక్ చేసుకున్నోళ్ళు ఏండ్లకేండ్లు ఎదురు చూస్తుండ్రి. గంత ఎదురుచూసి తెచ్చుకున్న బండి పొద్దుగాల లెవ్వకపోతే ఆ ఇంటాయన మొఖం ఎట్లుంటదో చూసినోడికే ఎరుక.

మా ఉస్తాద్ బానెట్ లేపే ముందు బండాయనను కూసోవెట్టి చాయ్ తాగిపిస్తుండె. తాగుకుంట అడుగుతుండె. పొద్దుగాల లెవ్వదా, లేకపోతే ఊరికి పోయొచ్చి ఆపినంక లెవ్వదా? వాన పడ్డనాడా? వారం దినాలు నిలబెట్టినంకనా? సెల్ఫ్ జోరుగ తిరిగి అందుకోదా, తిరుగుడే మెల్లగ ఉన్నదా? ఒక్కసారి అందుకొని సచ్చిపోతదా? పెట్రోల్ వాసన వస్తదా రాదా? మేం పోరగాండ్లం పానాలు చేతుల పట్టుకొని ఎప్పుడు ఇప్పుదామా అని ఎదురు చూస్తుంటిమి. ఉస్తాద్ అనేది ఏందంటే, “స్టార్ట్ అయితలేదు” అన్నది రోగం పేరు కాదు. జ్వరమొచ్చిందని వైద్యుని కాడికి పోతే అది మలేరియానా, టైఫాయిడా అని ఆయన అడగాలె గదా. గట్లనే ఇదీ అనేటోడు. సగం రోగం ఆ చాయ్ కాన్నే తేలేది.

చలికి లెవ్వని బండి సంగతి ముందుగాల చెప్త, మీకు గదే మోపైంది గనుక.

పెట్రోల్ నీళ్ళ లెక్క ఉంటే మండది, ఆవిరి గావాలె. చలిల అది సరిగ ఆవిరి కాదు, కార్బొరేటర్ కింద పైపు గోడలకు తడి లెక్క అంటుకుంటది. అందుకే చలిల గాలి తక్కువ, పెట్రోల్ ఎక్కువ ఇయ్యాలె. ఛోక్ ఉన్నది దానికే. అయితే ఛోక్ అన్నీ ఒక్క తీరుగుండయి. చాన కార్లల్ల అది కార్బొరేటర్ నోటి మీద రేకు మూత. తాడు గుంజితే మూసుకుంటది. మా చేతికి ఎక్కువగ వచ్చింది సొలెక్స్ కార్బొరేటర్, అండ్ల గట్లాంటి మూత లేదు. పక్కన ఇంకో చిన్న కార్బొరేటర్ లెక్క ఏర్పాటు ఉంటది. దానికి దాని జెట్ వేరే, దాని గాలి రంధ్రం వేరే. తాడు గుంజితే లోపల చిల్లులున్న చిన్న బిళ్ళ తిరుగుతది, చిల్లుకు చిల్లు కలుస్తది, అప్పుడు పెట్రోల్ దారి తెరుచుకుంటది. దాన్ని గుంజేది ఇంజన్ పీల్చే బలం. ఆ బలం ఎప్పుడుంటది? ఆక్సిలేటర్ కాడి రేకు మూసి ఉన్నప్పుడే ఉంటది. నువ్వు ఆక్సిలేటర్ తొక్కితివా, ఆ రేకు తెరుచుకుంటది, పీల్చుడు సల్లారుతది, ఛోక్ ఉండి గూడ లేనట్టే. మీరు పొద్దుగాల గంటన్నర చేసింది గదే.

మా షెడ్డుకు ఒక బడి సారు వచ్చేటోడు. చలికాలమొస్తే చాలు, దినాం పొద్దుగాల బండి నూకిపిచ్చుకొని వచ్చేది. మేం ప్లగ్గులు మార్చినం, పాయింట్ మార్చినం, కార్బొరేటర్ ఇప్పి కడిగినం. రెండు దినాలు మంచిగుండి మళ్ళ గదే. ఒకనాడు ఉస్తాద్ తెల్లారకముందే సారు ఇంటికి పోయి, ఏమనకుంట నిలబడి, సారు ఎట్ల స్టార్ట్ చేస్తడో చూసిండు. సారు కాలు ఆక్సిలేటర్ మీద హార్మోనియం తిత్తి లెక్క ఆడుతున్నది. ఉస్తాద్ ఆ కాలు మెల్లగ పక్కకు జరిపి, సారు చెయ్యి పట్టుకొని ఛోక్ పూర గుంజిపిచ్చి, “ఇగ సెల్ఫ్ కొట్టుండ్రి, కాలు మాత్రం కింద పెట్టుండ్రి” అన్నడు. మూడో తిప్పుకు అందుకున్నది. అందుకున్నంక అర నిమిషం ఆగి ఛోక్ సగం లోపలికి, ఇంజన్ జర వేడెక్కినంక మొత్తం లోపలికి. సారు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. బండి లేసిందని కాదు, రెండేండ్లు ఆ బండిని తిట్టినందుకు.

గిదే రోగం ఇంకో రకంగ గూడ వస్తది. ఛోక్ గుండీ మొత్తం బయటికొస్తది, మనం ఛోక్ పడ్డదనుకుంటం. అటు కొసకు తాడు బిగించే స్క్రూ వదులైతే కార్బొరేటర్ కాడి లివర్ సగమే తిరుగుతది. చిల్లు చిల్లుకు కలువది. అందుకే ఒకలు లోపల గుంజుతుంటే ఇంకొకలు బానెట్ కాడ నిలబడి లివర్ కొస దాక పోతున్నదా లేదా కండ్లతోని చూడాలె. గుండీని నమ్మొద్దు, లివర్‌ను నమ్మాలె. దీనికి పానా గూడ అక్కరలేదు.

వారం దినాలు నిలబెట్టిన బండిది వేరే కథ. కార్బొరేటర్ గిన్నెల ఉన్న పెట్రోల్ ఎగిరిపోతది, పెట్రోల్ గుంజే ఏసీ పంపు డయాఫ్రం ముసలిదైతే పైపుల ఉన్నది గూడ ఎనుకకు జారుతది. ఉట్టిగ సెల్ఫ్ కొడితే బ్యాటరీ పోవుడే. పంపు కింద చేతితోని కొట్టే చిన్న లివర్ ఉంటది, దాన్ని పది పదిహేను సార్లు కొడితే గిన్నె నిండుతది. ఒక్కోసారి ఆ లివర్ ఎంత కొట్టినా బిగువు తెలువది, వదులు వదులుగ ఆడుతది. పంపు పోయిందని ఇప్పేస్తరు తెలువనోళ్ళు. లోపల క్యామ్ ఎత్తు మీద ఆగి పంపును నొక్కి పట్టుకున్నదన్నట్టు. హ్యాండిల్‌తోని ఇంజన్ ఒక్క చుట్టు తిప్పి మళ్ళ కొట్టు, బిగువు చేతికి తాకుతది.

హ్యాండిల్ అంటే గుర్తొచ్చింది. ముందల బంపర్‌కు ఉన్న గుండ్రటి చిల్లు ఎందుకో మీకు ఎరుకేనా? అండ్లకెల్లి పొడుగు హ్యాండిల్ పెట్టి చేతితోని ఇంజన్ తిప్పుతుంటిమి. మా ఉస్తాద్ దాన్ని పట్టుడు నేర్పడానికే వారం తీసుకున్నడు. బొటనవేలు నాలుగు వేండ్ల దిక్కే ఉండాలె, కడ్డీని చుట్టొద్దు. కింది నుంచి పైకి గుంజాలె, పై నుంచి కిందికి తొయ్యొద్దు. ఇంజన్ ఎదురు తిరిగి తన్నిందంటే బొటనవేలు చుట్టినోడి చెయ్యి విరుగుతది. మా షెడ్డుల ఒక పోరడు అట్లనే మణికట్టు ఇరగ్గొట్టుకున్నడు, టైమింగ్ ముందుకు జరిగిన బండి అది. నెల దినాలు కట్టుతోని కూసోని మాకు చాయ్ మోసిండు. ఆ తర్వాత బొటనవేలు చూడందే ఉస్తాద్ ఎవ్వన్నీ హ్యాండిల్ ముట్టనియ్యలే.

హ్యాండిల్ తిప్పితే ఇంజన్ లోపలి సంగతి చేతికి తెలుస్తది. రెండు చుట్లల్ల నాలుగు సార్లు బరువు తగలాలె, నాలుగు సమానంగ. మూడు బరువుగ తగిలి ఒకటి మెత్తగ జారిందా, ఆ సిలిండర్ వాల్వ్ సరిగ మూసుకుంటలేదు, లేకుంటే రింగులు అరిగినయి, హెడ్ గ్యాస్కెట్ అన్నా పోయి ఉండాలె. ఎన్ని ప్లగ్గులు మార్చినా ఆ బండి చలిల లెవ్వదు. ఆ మెత్తదనం ఎట్లుంటదో మాటల్ల చెప్పుడు కష్టం. పండిన మామిడికాయను బొటనవేలితోని ఒత్తి చూసినట్టు ఉంటది.

వానకాలం రోగం ఇంకో తీరు. పెట్రోల్ వస్తది, ఇంజన్ బరువు మంచిగనే ఉంటది, కరెంటే ఎటో పోతది. ప్లగ్గులకు కరెంట్ పంచే డెల్కో మూత లోపల చెమ్మ పడుతది. కాయిల్ కాన్నుంచి వచ్చే కరెంట్ వేల వోల్టులు, దానికి చెమ్మ దారి దొరికితే ప్లగ్గు దాక పోదు. మూత ఇప్పి పొడి బట్టతోని తుడిస్తే చానమట్టుకు లేస్తది. తుడిచినా లెవ్వకుంటే మూతను వెలుతురుకు పట్టి తిప్పి చూడాలె. ఒక పిల్లర్ కాన్నుంచి ఇంకో పిల్లర్ దాక వెంట్రుక మందం నల్ల గీత కనవడుతది. అది మసి గీత, కరెంట్ దారి చేసుకున్నదన్నట్టు. ఆ మూత ఇగ పనికిరాదు, ఎంత గీకినా.

ఉస్తాద్ ఒక రాత్రి మాకు చూపిచ్చిన తమాషా ఇప్పటికీ కండ్లల్లనే ఉన్నది. షెడ్డుల దీపం ఆర్పిండు. బానెట్ లేపి, ఒకన్ని సెల్ఫ్ కొట్టుమన్నడు. గా కటిక చీకట్ల ప్లగ్ వైర్ల మీద నీలి పురుగులు పాకినట్టు సన్న సన్న వెలుగులు, టిక్కు టిక్కుమని సప్పుడు. ఏ వైరు కాడ కరెంట్ ఒలికిపోతున్నదో వేలు పెట్టి చూపినట్టు తెలిసింది. పగటి పూట పది దినాలు ఎతికినా దొరకని రోగం చీకట్ల ఒక్క నిమిషంల దొరికింది. మీ బండికి గూడ ఒకసారి చీకట్ల చూడుండ్రి. పెట్రోల్ ఎక్కడా కారుతలేదని ముందుగాల చెయ్యి పెట్టి చూసుకున్నంకనే.

డెల్కో లోపలి పాయింట్ సంగతి జల్ది చెప్త. నాలుగు వేల అయిదు వేల కిలోమీటర్లకు దాన్ని చూసుకోవాలె. రెండు నోర్ల నడుమ సందు పదిహేను థౌ, ప్లగ్గు సందు ఇరవై అయిదు థౌ. థౌ అంటే ఇంచుల వెయ్యో వంతు. ఫిల్లర్ గేజ్ రేకు అండ్ల పెడితే వెన్నల కత్తి దిగినట్టు జారాలె, పట్టుకోవద్దు, ఆడొద్దు. గంతే.

ఇగ అసలు ముచ్చటకు వస్తున్న. ఇది నా తప్పు ముచ్చట.

నాకప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడేండ్లు. చెయ్యి తిరిగిందని పేరొచ్చింది. ఎండకాలం ఘాట్ మీద ఆగిన బండ్లకు ఉస్తాద్ నన్నే పంపుతుండె. ఎండల పెట్రోల్ పైపులనే ఆవిరైతది, పంపు ఆవిరిని నూకలేదు, బండి ఆగుతది. ఎయిర్ లాక్ అంటుంటిమి. దానికి మందు తడిబట్ట. గోనెసంచి ముక్క నీళ్ళల్ల ముంచి ఏసీ పంపు మీద, పైపు మీద చుట్టి కాసేపు ఆగితే పెట్రోల్ మళ్ళ నీళ్ళయితది, బండి లేస్తది. నేను డిక్కీల ఎప్పుడూ రెండు గోనె ముక్కలు, క్యాన్ నిండ నీళ్ళు పెట్టుకొని తిరుగుతుంటి. ఆగిన బండి కనవడితే దిగుడు, బట్ట చుట్టుడు, ఇరవై నిమిషాలల్ల లేపుడు. జనం దండం పెట్టేది. నాకు గర్వముండె.

మన ఆదిలాబాద్ పత్తి సేటు ఒకాయనకు మార్క్ 3 ఉండె. పొద్దుగాల ఒక్క సెల్ఫ్‌కు లేసేది. ఎండల ముప్పై కిలోమీటర్లు పోయినంక మెల్లమెల్లగ మిస్సింగ్ మొదలై ఆగిపోయేది. వేడి మీద ఎంత కొట్టినా లెవ్వది. నేను పోయేది, బట్ట చుట్టేది, ఇరవై నిమిషాలకు లేసేది. అయిదు సార్లు అయింది. పంపు మార్చిన, పైపుకు ఆస్‌బెస్టాస్ తాడు చుట్టిన. ఆరోసారి గూడ ఆగింది. ఆ దినం సేటు ఇంటోళ్ళు నిర్మల్ నుంచి పిల్లలతోని వస్తుండ్రి. ఘాట్ నడుమల, పొద్దుమీకినంక, అడవిల రెండు గంటలు నిలబడ్డరు. చిన్న పిల్ల ఒకతి భయానికి జ్వరం తెచ్చుకున్నది.

మర్నాడు ఉస్తాద్ నన్ను పక్కన కూసోవెట్టుకొని అడిగిండు. “బట్ట ఏస్తే ఎంతసేపటికి లేస్తున్నది?”

“ఇరవై నిమిషాలకు.”

“ఎయ్యకుంటే ఎంతసేపటికి లేస్తది?”

నా కాడ జవాబు లేదు. ఒక్కసారి గూడ నేను బట్ట ఎయ్యకుంట ఆగి చూడలే.

ఇద్దరం సేటు బండిల బయలుదేరినం, కావాలనే మిట్ట మధ్యాహ్నం. ఇచ్చోడ దాటినంక రెండు మైళ్ళకు గదే మిస్సింగ్, ఆగింది. నేను గోనె ముక్క తీస్తుంటే ఉస్తాద్ చెయ్యి పట్టుకున్నడు. ముందుగాల కార్బొరేటర్ కాడ పెట్రోల్ పైపు ఊడదీసి, దాని కొస చిన్న డబ్బాల పెట్టి నన్ను సెల్ఫ్ కొట్టుమన్నడు. డబ్బాలకు పెట్రోల్ చుర్రుమని దార పట్టింది. బుడగ లేదు, ఆవిరి లేదు. పంపు తప్పు లేదు, పైపు తప్పు లేదు, నేను అయిదు సార్లు బట్ట చుట్టిన జాగ కాడ రోగమే లేదు.

పైపు పెట్టి బిగించి, డబ్బాను దూరంగ రోడ్డవతల పెట్టి వచ్చి, డెల్కో నడుమ వైరు ఊడదీసిండు. దాని కొస ఇంజన్‌కు పావు ఇంచు దూరంల పట్టి మళ్ళ సెల్ఫ్ కొట్టిపిచ్చిండు. కరెంట్ వస్తనే ఉన్నది గని సన్నగ, ఎర్రగ, పాణం లేనట్టు. ఒకసారి దుంకుతది, ఒకసారి దుంకది. ఉస్తాద్ కాయిల్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసిండు. “ఇగ నీ బట్ట తే” అన్నడు.

తడిబట్టను కాయిల్‌కు చుట్టిండు, మీద వైర్ల నోరు తడవకుంట కింది నడుముకు మాత్రమే. సన్నగ ఆవిరి లేసింది. అయిదు నిమిషాలు గూడ కాలే. వైరు మళ్ళ పట్టి చూస్తే కరెంట్ నీలిగ, లావుగ, టక్కు టక్కుమని దుంకింది. వైరు పెట్టిండు, సెల్ఫ్ కొట్టిండు, బండి లేసింది.

కాయిల్ లోపల వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు ఉంటది. తీగ మీద పూసిన పూత ఒక జాగల దెబ్బతిన్నది. సల్లగున్నప్పుడు బాగనే ఉంటది, వేడెక్కి సాగినప్పుడు చుట్టుకు చుట్టు తాకి కరెంట్ లోపలనే మాయమైతది. ఇరవై నిమిషాలు ఆగితే కాయిల్ దానంతట అదే సల్లారుతది. నా తడిబట్ట చేసింది ఏమీ లేదు. ఆ ఇరవై నిమిషాలే బండిని లేపినయి, పేరు మాత్రం బట్టకొచ్చింది. కొత్త కాయిల్ ఏసినంక ఆ బండి మళ్ళ ఘాట్ మీద ఆగలే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. నిజంగనే పెట్రోల్ ఆవిరైన బండ్లు నేను చాన లేపిన, అది అబద్ధం కాదు. కని వాటి నడుమ ఎన్ని కాయిల్ పోయిన బండ్లు, ఎన్ని డెల్కో కండెన్సర్ పోయిన బండ్లు నా బట్ట చుట్టుకొని అడవిలకు పోయినయో నాకు లెక్క తెలువది. ఆ పిల్ల జ్వరం తగ్గేదాక దినాం సేటు ఇంటికి పోయి అడిగి వచ్చిన. అప్పటి సంది ఏ బండి బాగైనా, ఎందుకు బాగైందో తెలిసేదాక నేను పైసలు తీసుకోలే.

అట్లని వేడి మీద లెవ్వని ప్రతి బండీ కాయిల్ కాదు మల్ల. అంబాసిడర్‌ల కార్బొరేటర్ పొగగొట్టం దిక్కే ఉంటది, రెండూ ఇంజన్‌కు ఒక్క పక్కనే. బండి ఆపంగనే ఆ సెగకు గిన్నెల పెట్రోల్ పొంగి కిందికి కారుతది, ఇంజన్ ఓవర్‌ఫ్లో అయితది. బానెట్ లేపితే గుప్పున వాసనొస్తది, ప్లగ్గు తీస్తే తడిగుంటది. దీనికి ఛోక్ ముట్టొద్దు. ఆక్సిలేటర్ కొస దాక తొక్కి పట్టుకొని, ఆడియ్యకుంట, సెల్ఫ్ కొట్టాలె. గాలి పోయి పెట్రోల్ ఆరుతది. చలికి కాలు తీసెయ్యాలె, ఓవర్‌ఫ్లోకు కాలు ఒత్తి పట్టాలె. ఒకదాని మందు ఇంకోదానికి ఏస్తే రోగం పెరుగుతది.

పెట్రోల్‌ల కిరోసిన్ కలిపే కాలం గూడ మేం చూసినం. ఉస్తాద్ చెయ్యి వెనక దిక్కు ఒక చుక్క ఏసుకునేటోడు. మంచి పెట్రోలైతే చురుక్కున సల్లగ తగిలి ఎగిరిపోతది. కిరోసిన్ కలిస్తే జిడ్డు మిగులుతది. తెల్ల కాయితం మీద ఏసినా అంతే, మరక ఉండొద్దు. ఇప్పుడు పెట్రోల్‌ల ఇథనాల్ కలుపుతున్నరు, నూటికి ఇరవై పాళ్ళ దాక పోయింది. అది గాలిల చెమ్మను గుంజుకుంటది, పాత రబ్బరు పైపులను, డయాఫ్రాలను మెత్తవడేస్తది. నీ బండివి 1980ల నాటి రబ్బర్లైతే అన్నీ మార్చు బిడ్డా, దాన్ల పిసినారితనం చెయ్యకు. నెలల తరబడి నిలబెట్టేది ఉంటే కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసి పెట్టు.

ఇప్పటి కార్లల్ల ఈ గొడవ లేదు. చలి ఎంతున్నదో ఒక సెన్సర్ చూస్తది, గాలి ఎంత పోతున్నదో ఇంకోటి చూస్తది, లెక్క కట్టి పెట్రోల్ చిమ్ముతది. మేం చేతితోని ఛోక్ గుంజి చేసింది అది కంప్యూటర్‌తోని చేస్తది, మాకన్నా మంచిగ చేస్తది. 2014ల అంబాసిడర్ ఫ్యాక్టరీ బంద్ అయినప్పుడు నేను రెండు దినాలు బువ్వ సరిగ తినలే, మీ నాయినమ్మకు ఎరుకే. అయినా పాతదే గొప్పదని నేను అనను. పాత బండిల రోగం కండ్లకు కనవడుతది, చెవికి ఇనవడుతది, చేతికి తగులుతది. నాకు ఇష్టం గది.

ఇగ పొద్దుటి ముచ్చట. మీరు సెల్ఫ్ కొడుతుంటే నేను అరుగు మీద ఇన్నది ఏందంటే, సెల్ఫ్ జోరుగ తిరుగుతలేదు. గుర్... గుర్... అని నాగలి బండకు తగిలినట్టు లాగుతున్నది. బ్యాటరీ కొత్తదంటివి, పోయిన నెలల్నే కొన్నవంటివి. బ్యాటరీ టెర్మినళ్ళకు తెల్ల పూత గూడ లేదు, నిన్ననే చూసిన. మరెందుకు ఈడుస్తున్నది?

అప్పుడు లేసొచ్చి ఛోక్ గుండీ ఎనుక ఇనుప కడ్డీ మీద చెయ్యి పెట్టిన. బయట గంత చలి, ఇంజన్ ఒక్కసారన్నా అందుకోలే, ఆ కడ్డీ మాత్రం గోరువెచ్చగ ఉన్నది. ఎట్లయితది?

ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద కూసుంటది, బాడీకి తాకది. బ్యాటరీ కాన్నుంచి సెల్ఫ్‌కు పోయిన కరెంట్ తిరిగి బాడీకి రావాలంటే, నడుమల ఒక వెడల్పాటి రాగి జడ ఉంటది, అర్త్ పట్టీ. అది తుప్పు పట్టినా, వదులైనా కరెంట్ ఆగదు, ఇంకో దారి ఎతుక్కుంటది. ఇంజన్‌ను బాడీతోని కలిపే ఇంకో ఇనుము ఏమున్నది? ఛోక్ తాడు. గంత కరెంట్ ఆ సన్న తాడుల పోతే వేడెక్కదా? మీ సెల్ఫ్ కరెంట్ ఛోక్ తాడుల ఈదుకుంట వస్తున్నది. సెల్ఫ్‌కు బలం చాలదు, సెల్ఫ్ లాగుతుంటే కాయిల్‌కు వోల్టులు చాలవు, ప్లగ్గుల కరెంట్ సన్నబడుతది. ఆ పైన మీరు ఆక్సిలేటర్ తొక్కి ఛోక్‌ను గూడ పనిచెయ్యనియ్యలే. ఇట్లనే ఒక బండికి ఛోక్ తాడు ఎర్రగ కాలి పొగ రాంగ చూసిన నేను.

ఇది నా అంచనానే. పట్టీ ఇప్పి చూసేదాక అదే రోగమని నేను అనను. అందుకే పొద్దున చెప్పలే, మీరు కొత్త ప్లగ్గులు కొంటమని బజారు పోతుంటే గూడ ఆపలే. ప్లగ్గులు ఎట్లైనా పనికొస్తయి.

బ్యాటరీ చార్జింగ్‌కు ఇచ్చిండ్రా? మంచిది. పొద్దుగాల ఆరింటికి లేవుండ్రి. అర ఇంచు పానా, గరుకు కాయితం ముక్క తెచ్చి పెట్టు. ముందుగాల పట్టీ ముట్టకుంట ఒక్కసారి సెల్ఫ్ కొడుదం, ఎట్ల తిరుగుతదో ఇనుండ్రి. బ్యాటరీ వైరు ఊడదీసి, పట్టీ ఇప్పి, రెండు దిక్కుల రాగి మెరిసేదాక రుద్ది బిగించినంక మళ్ళ కొడుదం. సెల్ఫ్ నేను కొడుత. చిన్నోడా, నువ్వు ఛోక్ కడ్డీ మీద చెయ్యి పెట్టి ఉండు. పెద్దోడా, నువ్వు బానెట్ కాడ లివర్ కొస దాక పోతున్నదా చూడు.

ఇగ లేవుండ్రి, మంచు పడుతున్నది. ఆ నిప్పుల మీద నీళ్ళు చల్లి, బూడిద కలెబెట్టి రండ్రి.